జూలో పని చేయాలనుందా? జంతు సంక్షేమంలోకి దారి ఇలా

"మా వాడికి జంతువులంటే ప్రాణమండీ, జూలో ఏదైనా ఉద్యోగం దొరుకుతుందా?" బైపీసీ పిల్లల తల్లిదండ్రులు తరచూ అడిగే మాట ఇది. దొరుకుతుంది. అయితే "యానిమల్ వెల్ఫేర్ ఆఫీసర్" అని బోర్డు పెట్టిన గది కోసం మన జూలలో తిరిగితే దాదాపు ఎక్కడా కనబడదు. ఆ పనంతా కీపరు, డాక్టరు, బయాలజిస్టు, ఎడ్యుకేషన్ ఆఫీసరు, క్యూరేటరు (జూ మొత్తానికి బాధ్యత వహించే అధికారి) పంచుకుని చేస్తారు. అందుకని ఉద్యోగం పేరు పట్టుకుని వెతికేవాళ్లు రెండు నెలల్లో నీరసపడిపోతారు. పనేమిటో తెలుసుకుని, అందులో ఏ ముక్క మీకు నప్పుతుందో చూసుకున్నవాళ్లకు దారి కనిపిస్తుంది.

ఇంకో మాట ముందే చెప్పేస్తాను. ప్రేమ ఉండటం మంచిదే, కానీ ఇంటర్వ్యూలో అందరూ చెప్పేది అదే. పులిని చూసి మురిసిపోయేవాళ్లు ఆదివారం నాడు జూ గేటు దగ్గర వేలల్లో ఉంటారు. ఆ పులి నిన్నటికంటే ఈరోజు ఎడమ ముందు కాలు కాస్త తేలిగ్గా వేస్తోందని గమనించి, సాయంత్రానికి పుస్తకంలో రాసేవాళ్లు కావాలి. ఈ వ్యాసంలో చెప్పే అడుగులన్నీ ఆ చూపు సంపాదించుకోవడం కోసమే.

మొదటి అడుగు: ఒకే జంతువు ముందు ఒక గంట

కోర్సులు, కాలేజీలు తర్వాత చూద్దాం. ముందు మీ దగ్గర్లోని జూకి టికెట్ కొనుక్కుని వెళ్లండి. హైదరాబాద్ నెహ్రూ జూ, విశాఖ ఇందిరాగాంధీ జూ, తిరుపతి శ్రీ వెంకటేశ్వర జూ, వరంగల్ కాకతీయ జూ, ఏదైనా పరవాలేదు. హైదరాబాద్, విశాఖ జూలకు సోమవారం సెలవు. ఆదివారం వద్దు, జనం తక్కువగా ఉండే రోజున పొద్దున్నే గేటు తెరిచే వేళకు చేరుకోండి.

జూ మొత్తం చుట్టి రావాలనే ఆశ పక్కన పెట్టండి. ఒక్క ఎన్‌క్లోజర్ (జంతువును ఉంచే ఆవరణ) ఎంచుకోండి. కొత్తవాళ్లకు నేను ఎలుగుబంటిని చూడమంటాను. అది ఊరికే ఉండదు, ఏదో ఒకటి చేస్తూనే ఉంటుంది కాబట్టి రాసుకోవడానికి సరుకు దొరుకుతుంది. నోట్‌బుక్, వాచీ పట్టుకుని కూర్చుని, నిమిషానికోసారి తలెత్తి, సరిగ్గా ఆ క్షణంలో అది ఏం చేస్తోందో ఒక్క మాటలో రాయండి. ఇలా:

9.40 – నేల వాసన చూస్తోంది
9.41 – నేల వాసన చూస్తోంది
9.42 – గోళ్లతో దుంగ గీకుతోంది
9.43 – గోడ పక్కన నడక, ఎడమ నుంచి కుడికి
9.44 – గోడ పక్కన నడక, కుడి నుంచి ఎడమకు
9.45 – అదే

"కోపంగా ఉంది", "బోర్ కొడుతోంది", "పాపం దిగులుగా ఉంది" అని మాత్రం రాయకండి. అవి మీ ఊహలు. కంటికి కనబడిందే రాయాలి. గంటయ్యాక లెక్క చూసుకుంటే అరవై వరసల్లో తిండి వెతకడానికి ఎన్ని, పడుకోవడానికి ఎన్ని, గోడ పక్క నడకకు ఎన్ని అన్నది తేలుతుంది. జంతువుల ప్రవర్తనను చదివేవాళ్లు చేసే పని సూక్ష్మంగా ఇదే. ఏ ప్రవర్తనను ఏమని పిలవాలో ముందే రాసి పెట్టుకునే జాబితాను ఇథోగ్రామ్ అంటారు. 1974లో జీన్ ఆల్ట్‌మన్ అనే పరిశోధకురాలు ఇలాంటి పరిశీలన పద్ధతులన్నింటినీ ఒక వ్యాసంలో క్రమంలో పెట్టారు. ఇప్పటికీ ప్రపంచమంతా దాన్నే అనుసరిస్తోంది.

ఇక ఆ గోడ పక్క నడక సంగతి. ఒకే దారిలో, అవే అడుగులతో, ప్రయోజనమేమీ లేకుండా తిరగడాన్ని స్టీరియోటైపీ అంటారు. ఏనుగు నిలబడిన చోటే ఊగడం, చిలుక తన ఈకలు తనే పీక్కోవడం కూడా గమనించి తీరాల్సిన లక్షణాలే. అయితే చూడగానే "జంతువుని హింసిస్తున్నారు" అని ఫోన్ తీసి వీడియో పెట్టేయకండి. సాయంత్రం తిండి పెట్టే వేళకు నైట్ హౌస్ (రాత్రిళ్లు జంతువును ఉంచే గది) తలుపు దగ్గర అటూ ఇటూ తిరగడం చాలాసార్లు ఎదురుచూపు మాత్రమే. అదే తిరుగుడు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా సాగితే లెక్క వేరు. పుట్టినప్పటి నుంచీ ఇరుకు బోనులో పెరిగి ఇక్కడికి వచ్చిన జంతువైతే, ఇప్పుడు ఎంత చోటిచ్చినా పాత అలవాటు మిగిలిపోవచ్చు. కాబట్టి అదే జంతువును వేర్వేరు వేళల్లో, వేర్వేరు రోజుల్లో చూడాలి. నాలుగైదు వారాలు ఇలా రాసిన నోట్‌బుక్ మీ చేతిలో ఉంటే ఏ సర్టిఫికెట్ కంటే అదే ఎక్కువ మాట్లాడుతుంది.

రెండో అడుగు: సంక్షేమం అంటే ఏం కొలుస్తారో తెలుసుకోండి

కడుపు నిండా తిండి పెట్టి, జబ్బు చేస్తే మందు వేస్తే సంక్షేమం అయిపోయినట్టేనని చాలాకాలం అనుకున్నారు. 1965లో బ్రిటన్‌లో బ్రాంబెల్ కమిటీ పెంపుడు పశువుల గురించి ఇచ్చిన నివేదికలో, లేవడానికి, పడుకోవడానికి, వెనక్కి తిరగడానికి, ఒళ్లు శుభ్రం చేసుకోవడానికి, కాళ్లు చాపుకోవడానికైనా చోటుండాలని అడగాల్సి వచ్చిందంటే అప్పటి పరిస్థితి అర్థం చేసుకోండి. దాని నుంచే 1979లో "ఐదు స్వేచ్ఛలు" వచ్చాయి: ఆకలిదప్పులు, అసౌకర్యం, నొప్పి లేదా జబ్బు, భయం లేకుండా ఉండటం, సహజంగా మెలగగలగడం. 1994లో మెల్లర్, రీడ్ అనే శాస్త్రవేత్తలు దాన్ని ఇంకో అడుగు ముందుకు తీసుకెళ్లి ఐదు కోణాల పద్ధతి చెప్పారు: ఆహారం, పరిసరాలు, ఆరోగ్యం, ప్రవర్తన, ఈ నాలుగూ కలిసి తయారుచేసే మానసిక స్థితి. మంచి జూలు ఇప్పుడు వాడేది దీన్నే.

మే నెలలో హైదరాబాద్ జూలో ఒక సింహాన్ని తీసుకుని ఈ ఐదు కోణాలూ చూద్దాం. మాంసం తూకం ప్రకారం పడుతోంది, అది ఆహారం. మధ్యాహ్నం ఎండ నలభై డిగ్రీలు దాటుతుంది కాబట్టి నైట్ హౌస్‌లో కూలర్లు పెడతారు, కిటికీలకు తడిపిన గోనెపట్టాలు కడతారు, బయట స్ప్రింక్లర్లు తిప్పుతారు. అది పరిసరాలు. వయసు మీద పడి కీళ్లు పట్టేశాయా, పళ్లు అరిగాయా అన్నది ఆరోగ్యం. ఎండకు భయపడి రోజంతా లోపలే ఉంచేస్తే వాసన చూడటానికి, తన హద్దు గుర్తు పెట్టుకోవడానికి వీలుందా అన్నది ప్రవర్తన. ఎండ నుంచి కాపాడాం కదా అని నాలుగో కోణాన్ని మర్చిపోతే ఐదోది దెబ్బతింటుంది. ఇంటర్వ్యూలో ఐదు పేర్లు వరసగా అప్పజెప్పేవాళ్లు బోలెడు మంది వస్తారు. ఇలా ఒక్క జంతువుకు అన్వయించి చెప్పేవాళ్లు తక్కువ.

చట్టం కూడా కొంచెం చదవండి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టానికి సవరణ చేసి, 1992లో సెంట్రల్ జూ అథారిటీని ఏర్పాటు చేశారు. దాని గుర్తింపు లేకుండా దేశంలో జూ నడపకూడదు. జూల గుర్తింపు నియమాలు 2009లో వచ్చాయి. అథారిటీ వెబ్‌సైట్‌లో దొరుకుతాయి, పెద్ద పుస్తకమేమీ కాదు. ఎన్‌క్లోజర్ ఎంత ఉండాలి, పోస్టుమార్టం ఎలా చేయాలి, సిబ్బంది ఎవరెవరు ఉండాలి అన్నీ అందులోనే ఉన్నాయి. జంతువుల పట్ల క్రూరత్వ నిరోధక చట్టం 1960 నాటిది, అది వేరు. రెండింటినీ కలిపేసి మాట్లాడకండి.

మూడో అడుగు: మీ తలుపు ఏదో తేల్చుకోండి

పశువైద్యం అన్నింటికంటే రాచబాట. ఇంటర్ బైపీసీ తర్వాత బీవీఎస్సీ అండ్ ఏహెచ్, ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఐదున్నరేళ్లు. ఆంధ్రప్రదేశ్‌లో శ్రీ వెంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం కింద తిరుపతి, గన్నవరం, ప్రొద్దుటూరు, గరివిడి కాలేజీలు, తెలంగాణలో పీవీ నరసింహారావు పశువైద్య విశ్వవిద్యాలయం కింద రాజేంద్రనగర్, కోరుట్ల, మామునూరు కాలేజీలు ఉన్నాయి. పదిహేను శాతం ఆలిండియా కోటా సీట్లు నీట్ ర్యాంకుతో నింపుతారు. రాష్ట్ర కోటాకు ఏ ర్యాంకు అడుగుతున్నారో ఆ ఏడాది నోటిఫికేషన్‌లో చూసుకోండి, పోయినేడు సీనియర్ చెప్పింది నమ్ముకోకండి. డిగ్రీ కోర్సులో వన్యప్రాణుల పాఠం తక్కువే, ఎక్కువ భాగం ఆవులు, గేదెలు, గొర్రెలు, కోళ్లు. అయినా విసుక్కోవద్దు. గేదెకు కాన్పు చేయించిన చేయి నీల్గాయి దగ్గర వణకదు.

మన జూలలో చాలామంది డాక్టర్లు పశుసంవర్ధక శాఖ నుంచి డెప్యుటేషన్ మీద వచ్చినవాళ్లే. అంటే ముందు సర్వీస్ కమిషన్ ద్వారా వెటర్నరీ అసిస్టెంట్ సర్జన్‌గా చేరి, కొన్నేళ్లు పల్లెటూరి పశువుల ఆస్పత్రిలో చేసి, తర్వాత అవకాశం చూసుకుని జూకి రావడం. చుట్టుదారిలా అనిపిస్తుంది, కానీ ఉద్యోగ భద్రత ఉన్న దారి ఇదే. నేరుగా వన్యప్రాణి వైద్యంలోకి వెళ్లాలంటే బరేలీ దగ్గర ఇజ్జత్‌నగర్‌లోని ఐవీఆర్ఐ (భారత పశువైద్య పరిశోధన సంస్థ), చెన్నై మద్రాస్ వెటర్నరీ కాలేజీ, జబల్‌పూర్ విశ్వవిద్యాలయం లాంటి చోట్ల ఆ రంగంలో పైచదువుకు వీలుంది.

బీవీఎస్సీ సీటు రాకపోతే ప్రపంచం ఆగిపోదు. జువాలజీ డిగ్రీ చేసి ఎమ్మెస్సీలో వన్యప్రాణి శాస్త్రం వైపు తిరగవచ్చు. డెహ్రాడూన్‌లో వైల్డ్‌లైఫ్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇండియా, బెంగళూరులో ఎన్‌సీబీఎస్ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థ నడిపే వైల్డ్‌లైఫ్ బయాలజీ ఎమ్మెస్సీ దేశంలో పేరున్నవి. సీట్లు చాలా తక్కువ, ప్రవేశ పరీక్షలో మార్కుల కంటే మీరు అడవిలో, జూలో, కనీసం మీ ఊరి చెరువు దగ్గర ఏం గమనించారన్నదే ఎక్కువ అడుగుతారు. బయాలజిస్టు పని ఎక్కువగా రికార్డులతో, సంతానోత్పత్తి ప్రణాళికలతో. ఏ మగదాన్ని ఏ ఆడదానితో జత కట్టించాలి, తాతలు ఒకటే కాకుండా చూసుకోవడం ఎలా అన్నవి స్టడ్‌బుక్ (జంతువుల వంశావళి రాసి ఉంచే పుస్తకం) చూసి తేలుస్తారు. మన దగ్గరే మంచి ఉదాహరణలున్నాయి. మూషిక జింకను హైదరాబాద్ జూలో, సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థకు చెందిన లాకోన్స్ ప్రయోగశాల తోడ్పాటుతో పెంచి, అమ్రాబాద్ అడవుల్లోకి వదిలారు. రేచుకుక్కల సంతానోత్పత్తి కార్యక్రమానికి విశాఖ జూ కేంద్రం.

అజమాయిషీ వైపు వెళ్లాలనుకుంటే అటవీ శాఖ. మన రాష్ట్రాల్లో క్యూరేటర్ కుర్చీలో కూర్చునేది అటవీ శాఖ అధికారే. యూపీఎస్సీ ఇండియన్ ఫారెస్ట్ సర్వీస్ పరీక్షకు జువాలజీ, పశువైద్యం, వ్యవసాయం, ఇంజనీరింగ్ డిగ్రీలన్నీ పనికొస్తాయి. రాష్ట్ర స్థాయిలో ఫారెస్ట్ రేంజ్ ఆఫీసర్ పోస్టులున్నాయి. ఒక ఇబ్బందేమిటంటే, బదిలీ ఎప్పుడైనా రావచ్చు. జంతువుల దగ్గరే జీవితమంతా గడపాలనుకునేవాళ్లకు ఇది సరిపడదు.

కీపర్ పని గురించి నిజం చెప్పుకోవాలి. రోజంతా జంతువుకు అందరికంటే దగ్గరగా ఉండేది కీపరే, అందరికంటే తక్కువ జీతం కూడా తనదే. చాలాచోట్ల అవుట్‌సోర్సింగ్ మీదే తీసుకుంటున్నారు. పెద్ద చదువు అడగరు. పదో తరగతి తర్వాత రెండేళ్ల పశుసంవర్ధక పాలిటెక్నిక్ డిప్లొమా ఉన్నవాళ్లకు ఇక్కడ పైచేయి ఉంటుంది. నా అభిప్రాయం అడిగితే, డాక్టర్ కావాలనుకునేవాళ్లు కూడా సెలవుల్లో ఒక నెల కీపర్ వెంట తిరగాలి. జంతువు బాగోలేదని ముందు తెలిసేది కీపర్‌కే, డాక్టర్‌కు తెలిసేది కీపర్ చెప్పాకే.

నాలుగో అడుగు: అనుభవం, ఊరికే రాదు

జూ క్యూరేటర్‌కు ఉత్తరం రాయండి. మెయిల్ పంపి ఊరుకోకుండా, కాగితం మీద కూడా ఇచ్చి ఇన్‌వర్డ్ నంబర్ వేయించుకోండి. ఆ నంబర్ ఉంటే మళ్లీ వెళ్లినప్పుడు "మీ అప్లికేషన్ ఏదీ?" అన్న ప్రశ్న రాదు. ఉత్తరం చిన్నగా ఉండాలి. నమూనా:

"గౌరవనీయులైన క్యూరేటర్ గారికి, నేను బీఎస్సీ జువాలజీ రెండో సంవత్సరం విద్యార్థిని. గత నెలలో మీ జూలోని ఎలుగుబంట్లను సందర్శకుల వైపు నుంచి గమనించి రాసుకున్న పట్టిక జతచేస్తున్నాను. వేసవి సెలవుల్లో మీ సిబ్బంది పర్యవేక్షణలో నాలుగు వారాలు పని నేర్చుకునే అవకాశం ఇవ్వవలసిందిగా కోరుతున్నాను. శుభ్రపరచడం, ఆహారం తయారీ, రికార్డులు, ఏ పనైనా చేస్తాను. జంతువులను తాకే అవకాశం అడగడం లేదు."

చివరి వాక్యం చదివిన అధికారికి సగం టెన్షన్ తీరిపోతుంది. పులిపిల్లతో సెల్ఫీ కోసం వచ్చేవాళ్లు ఆ వాక్యం రాయరు.

జూలో వెంటనే కుదరకపోతే బయట చాలా చోట్లు ఉన్నాయి. హైదరాబాద్‌లో అమల అక్కినేని 1992లో మొదలుపెట్టిన బ్లూ క్రాస్, విశాఖలో జంతువులపై క్రూరత్వాన్ని అడ్డుకునే వీఎస్‌పీసీఏ లాంటి సంస్థల్లో వాలంటీర్లకు పని ఉంటుంది. కుక్కకు కట్టు కట్టడం, క్వారంటైన్ గది కడగడం, మందుల రిజిస్టర్ రాయడం జూలోనూ పనికొచ్చేవే. పాముల మీద ఆసక్తి ఉంటే హైదరాబాద్ ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ అటవీ శాఖ అనుమతితో పనిచేస్తుంది. అక్కడ శిక్షణ తీసుకోండి. సొంతంగా పాములు పట్టి, తోక పట్టుకుని ఇన్‌స్టాలో రీల్స్ పెట్టడం చట్టరీత్యా నేరం. ఇంట్లో పంజరంలో రామచిలుకను పెంచడం కూడా. ఈ రంగంలో మిమ్మల్ని తీసుకునేవాళ్లు మీ పాత పోస్టులు తప్పకుండా చూస్తారు.

సర్కస్ జంతువుల కథ తెలిస్తే మరో దారి కూడా కనిపిస్తుంది. ఎలుగుబంట్లు, కోతులు, పులులు, చిరుతలు, సింహాలతో ఆటలాడించకూడదని కేంద్రం 1998లో ఉత్తర్వు ఇచ్చింది, 2001లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. అలా వచ్చిపడిన జంతువుల కోసం విశాఖ, తిరుపతిలతో సహా దేశంలో కొన్ని జూల దగ్గర రెస్క్యూ సెంటర్లు కట్టారు. ముసలి, గోళ్లు పీకిన, పళ్లు పోయిన జంతువుల సేవ ఇక్కడే నేర్చుకోవచ్చు. ఆగ్రా, బెంగళూరు బన్నేరుఘట్టల్లో వైల్డ్‌లైఫ్ ఎస్ఓఎస్ అనే స్వచ్ఛంద సంస్థ వాళ్ల ఎలుగుబంటి కేంద్రాలున్నాయి. ఒకప్పుడు కలందర్లు (ఎలుగుబంట్లను ఆడించి బతికే సంచార జనం) ముక్కుతాడు వేసి ఊరూరా ఆడించిన ఎలుగుబంట్లవి.

ఐదో అడుగు: ఒక ఎన్‌రిచ్‌మెంట్ తయారుచేసి చూపించండి

ఎన్‌రిచ్‌మెంట్ అంటే జంతువు అడవిలో చేసే పనిని జూలోనూ చేయనివ్వడం. ఇది చేతి పని, బుర్ర పని కూడా, అందుకే నాకు ఈ రంగంలో అన్నింటికంటే ఇష్టమైన భాగం. బొమ్మ విసిరేసి "ఆడుకో" అంటే సరిపోదు.

మళ్లీ మన ఎలుగుబంటినే తీసుకుందాం. అడవిలో దాని రోజు ఎక్కువగా చెదలు, చీమల వేటలోనే గడుస్తుంది. పైదవడ ముందు భాగంలో మధ్య రెండు పళ్లు దానికి ఉండవు. ఆ సందులోంచి గట్టిగా గాలి ఊది మట్టి చెదరగొట్టి, తర్వాత చెదలను జుర్రుకుంటుంది. జూలో మాత్రం గిన్నెలో జావ పోస్తే పది నిమిషాల్లో తాగేసి, మిగతా రోజంతా గోడ పక్క నడుస్తుంది. పరిష్కారం: పురుగుమందు తగలని మద్ది లేదా తుమ్మ దుంగ తీసుకుని, దానికి బొటనవేలు దూరేంత రంధ్రాలు వేర్వేరు లోతుల్లో వేయండి. మేకులు, ఇనుప ముక్కలు మిగలకుండా చేత్తో తడిమి చూడండి. రోజూ పెట్టే తిండిలోంచే కొంచెం తేనె, ఖర్జూరం ఆ రంధ్రాల్లో పెట్టాలి. విడిగా అదనంగా పెడితే లావెక్కిపోతుంది. ఎక్కడ పెట్టాలో, డాక్టర్ ఒప్పుకున్నారో లేదో, ఒకే దుంగ కోసం రెండు ఎలుగులు కొట్టుకోకుండా ఎన్ని ఉండాలో ముందే రాసుకోవాలి. దుంగ పెట్టకముందు ఒక వారం, పెట్టాక ఒక వారం మొదటి అడుగులో చెప్పిన పట్టిక రాయండి. గోడ పక్క నడక తగ్గిందా లేదా అన్నది అంకెల్లో కనబడుతుంది. తగ్గకపోతే అది కూడా ఫలితమే, దాచకండి. మూడో వారానికి జంతువు దుంగను పట్టించుకోవడం మానేస్తే ఆశ్చర్యపోవద్దు. రంధ్రాలు, చోటు, వేళ మారుస్తూ ఉండాల్సిందే.

వాసనలు చవకైన ఎన్‌రిచ్‌మెంట్. దాల్చిన చెక్క, యాలకులు, జింక పడుకున్న గడ్డి తెచ్చి దుమ్ములగొండి ఎన్‌క్లోజర్‌లో అక్కడక్కడా పెడితే రోజంతా ముక్కు నేలకు ఆనించి తిరుగుతుంది. అయితే వేరే జంతువు గడ్డి తేవాలంటే పరాన్నజీవుల ప్రమాదం ఉంది కాబట్టి డాక్టర్ మాటే చివరి మాట.

దీనికి తోడు ట్రైనింగ్ అనే ఇంకో కళ ఉంది. పులిని జాలీ దగ్గరకు రమ్మని పిలిచి, తోక బయటికి పెట్టించి, మత్తు ఇవ్వకుండా రక్తం తీయడం మంచి జూలలో సాధ్యమవుతోంది. రహస్యమేమీ లేదు. కర్ర చివర బంతిని ముక్కుతో తాకితే మాంసం ముక్క, తాకకపోతే ఏమీ లేదు, తిట్టు కూడా లేదు. నెలలు పడుతుంది. ప్రతిసారీ డార్ట్ (దూరం నుంచి వదిలే మందు సూది) కొట్టి మత్తు ఇవ్వడం, కదలకుండా గోడ దగ్గరకు జరిపే స్క్వీజ్ కేజ్‌లో బిగించడం జంతువుకు ఎంత భయమో చూసినవాళ్లెవరూ ఆ నెలలు దండగ అనరు.

ఆరో అడుగు: భద్రత విషయంలో మొండిగా ఉండండి

2023 అక్టోబరులో హైదరాబాద్ జూలో ఏనుగు దాడిలో, నవంబరులో విశాఖ జూలో ఎలుగుబంటి దాడిలో కీపర్లు చనిపోయారు. ఇద్దరూ కుర్రవాళ్లే. 2024 ఫిబ్రవరిలో తిరుపతి జూలో సింహం ఎన్‌క్లోజర్‌లోకి దూకిన సందర్శకుడు ప్రాణం పోగొట్టుకున్నాడు. పేపర్లో రెండు రోజులు వచ్చి పోయే వార్తలివి. ఈ పనిలోకి రావాలనుకునేవాళ్లు మాత్రం మర్చిపోకూడదు.

ఎన్‌క్లోజర్ లోపలికి వెళ్లే ముందు జంతువులన్నీ నైట్ హౌస్‌లో ఉన్నాయని కళ్లతో లెక్కపెట్టాలి, "రెండూ లోపలే ఉన్నాయన్నారు" అన్న మాట నమ్మకూడదు. షట్టర్ దించి, తాళం వేసి, వేసిన తాళాన్ని లాగి చూడాలి. తర్వాత తాళంచెవి మీ జేబులోనే ఉండాలి. మాంసాహార జంతువుల దగ్గర ఒంటరిగా పని చేయకూడదు. ఇంకొకరు రాలేదంటే క్లీనింగ్ ఆగిపోతుంది, ఆగిపోనివ్వండి. పదేళ్లుగా సాకుతున్నాను, ఇది నన్ను ఏమీ చేయదు అనేవాళ్ల పక్కన మరింత జాగ్రత్తగా ఉండండి.

జబ్బులు రెండువైపులా వస్తాయి. 2021లో హైదరాబాద్ జూలో ఎనిమిది సింహాలకు కొవిడ్ తేలింది. అదే ఏడాది చెన్నై వండలూరు జూలోనూ సింహాలకు సోకింది. మనిషి నుంచి జంతువుకు జబ్బు పోగలదని అప్పుడు అందరికీ అర్థమైంది. జ్వరం, దగ్గు ఉంటే డ్యూటీకి రాకపోవడం బద్ధకం కాదు, నియమం. గేటు దగ్గర పర్మాంగనేట్ నీళ్లలో బూట్లు ముంచడం, ఒక ఎన్‌క్లోజర్ చీపురు ఇంకో దానిలో వాడకపోవడం చిన్న విషయాల్లా కనిపిస్తాయి. కొత్తవాళ్లు పట్టుబడేది వీటి దగ్గరే.

అక్వేరియం వైపు చూసేవాళ్లకు

ముందుగా ఒక ఆశ తీసేసుకోండి: మన దేశంలో డాల్ఫిన్ ట్రైనర్ ఉద్యోగం లేదు. డాల్ఫిన్లను ప్రదర్శన కోసం పెట్టే కేంద్రాలకు అనుమతి ఇవ్వకూడదని 2013లో కేంద్ర పర్యావరణ శాఖ తేల్చి చెప్పింది. మంచి నిర్ణయమే.

చేపలు, తాబేళ్లు, పగడాలతో పని చేయాలంటే మాత్రం మన తీరప్రాంత పిల్లలకు ఎవరికీ లేని మొదలు ఉంది. భీమవరం, కైకలూరు, నెల్లూరు వైపు చెరువుల్లో, రొయ్యల హేచరీల్లో పెరిగినవాళ్లకు నీళ్లు చదవడం వచ్చు. తెల్లవారుజామున ఆక్సిజన్ పడిపోతుందని, అమ్మోనియా పెరిగితే రొయ్య మేత మానేస్తుందని వాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. అక్వేరియంలో మూల సూత్రం అదే. కొత్త ట్యాంకులో అమ్మోనియాను నైట్రైట్‌గా, దాన్ని నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా స్థిరపడటానికి వారాలు పడుతుంది. ఆ వారాల్లో తొందరపడి చేపలు వేస్తే చచ్చిపోతాయి. సముద్రపు నీటికి లీటరుకు 35 గ్రాముల అటూ ఇటూ ఉప్పు, కొళాయి నీళ్లు వాడితే ముందు క్లోరిన్ తీసేయడం, కొత్త చేపలకు విడి ట్యాంకులో క్వారంటైన్, కరెంటు పోతే జనరేటర్, ఇవి రోజువారీ. నాలుగేళ్ల బీఎఫ్‌ఎస్సీ (మత్స్యశాస్త్ర డిగ్రీ) ముత్తుకూరు, పెబ్బేరు కాలేజీల్లో ఉంది. దానికి స్కూబా డైవింగ్ సర్టిఫికెట్ జత చేస్తే చెన్నై, అహ్మదాబాద్ నుంచి దుబాయ్ దాకా పెద్ద అక్వేరియంలలో అడిగే అర్హతలు చాలావరకు వచ్చేసినట్టే. ట్యాంకులో దిగి అద్దం తుడవడమే సగం ఉద్యోగం, ఇదీ తెలుసుకోండి.

విదేశాల సంగతి

తెలుగు వెటర్నరీ గ్రాడ్యుయేట్లు అమెరికాలో చాలామందే ఉన్నారు. అక్కడ ప్రాక్టీసు చేయాలంటే విదేశీ పశువైద్య డిగ్రీని అక్కడ గుర్తించే ఈసీఎఫ్‌వీజీ లేదా పేవ్ కార్యక్రమం పూర్తి చేసి, లైసెన్సు కోసం నావ్‌లీ పరీక్ష రాయాలి. డబ్బూ, ఏళ్లూ పడతాయి. ఆ తర్వాత కూడా జూ వైద్యంలో రెసిడెన్సీ (పని చేస్తూ నేర్చుకునే ప్రత్యేక శిక్షణ) సీట్లు చాలా కొద్ది. కీపర్ ఉద్యోగానికి వీసా దొరకడం దాదాపు కుదరని పని. చదువు కోసమైతే ఎడిన్‌బరో విశ్వవిద్యాలయంలో జంతువుల ప్రవర్తన, సంక్షేమం మీద 1990 నుంచి ఎమ్మెస్సీ నడుస్తోంది. అదే విశ్వవిద్యాలయం కోర్సెరా వెబ్‌సైట్‌లో పెట్టిన ఆన్‌లైన్ కోర్సుతో మొదలుపెడితే ఇంగ్లిష్‌లో ఈ రంగం మాటలు అలవాటవుతాయి.

చేరే ముందు అడగాల్సినవి

ఉద్యోగం ఇప్పిస్తామని ఏజెన్సీ డబ్బు అడిగితే వెనక్కి తిరిగి చూడకుండా వచ్చేయండి. అవుట్‌సోర్సింగ్ కాంట్రాక్టు అయితే పీఎఫ్, ఈఎస్‌ఐ కడుతున్నారా, ప్రమాద బీమా ఎంత, ఎవరి పేరు మీద అన్నది సంతకానికి ముందే కాగితం మీద చూడండి. టెటనస్, రేబిస్ ముందస్తు టీకాలు ఎవరు వేయిస్తారు, ఏడాదికోసారి క్షయ పరీక్ష ఉందా అని అడగండి. గుజరాత్ జామ్‌నగర్‌లోని వంతారా లాంటి పెద్ద ప్రైవేటు కేంద్రాలకు వెళ్లేవాళ్లు వసతి, సెలవులు, ఎన్నాళ్ల కాంట్రాక్టు అన్నది కూడా అడగాలి. ఇంటికి దూరంగా, పండుగ రోజుల్లోనూ డ్యూటీ ఉంటుంది. సంక్రాంతికి సెలవు దొరకని ఉద్యోగమని అమ్మానాన్నలకు ముందే చెప్పి ఉంచండి. జూకి జనం ఎక్కువగా వచ్చేది ఆ రోజుల్లోనే.